ఒకటో నంబరు తలుపు

నవంబర్ 9, సోమవారం

పొద్దున మీటింగులో టాడ్ రెండు డోనట్లు తిని, మూడోది చేతిలో పట్టుకుని, తూర్పు వరండాలో ఒకటో నంబరు గదికి కొత్తాయన వస్తున్నాడని చెప్పాడు. పేరు వెండెల్ స్ట్రబ్. వయసు అరవై ఒకటి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కొంచెం పట్టేశాయి. బీపీ ఉంది, షుగరు ఉంది. ఇవన్నీ చదివాక పెదాల మీది చక్కెర పొడిని నాలుకతో తుడుచుకుంటూ, "కొంచెం గతం కూడా ఉంది" అన్నాడు. బీపీ, షుగరు వరసలోనే.

"ఎంత గతం?" అంది ఒడెట్టా. ఆమె మా హెడ్ నర్సు. టాడ్ ఈ వృద్ధుల హోమ్‌కి మేనేజరై రెండేళ్ళయింది, ఆమె వచ్చి ఇరవై రెండేళ్ళు.

"పాత సంగతులులే ఒడెట్టా. రెండుసార్లు జైలు."

"దేనికి?"

"ఆడవాళ్ళ మీద దాడి. కానీ చూడు, ఇప్పుడాయన సగం మనిషి."

"ఏ సగం పనిచేస్తోందో ఆ కాగితంలో రాశారా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన ఎంత ప్రమాదకరమో చెప్పే నివేదిక రాష్ట్రం నుంచి రావాలట. దానికి నెలలు పడుతుందట. వచ్చేదాకా మనమే ఒక అంచనా వేసుకోవచ్చట. టాడ్ అక్కడే కూర్చుని "మధ్యరకం" అని రాశాడు, హోటల్లో కూరకి కారం ఎంత కావాలో చెప్పినట్టు.

జైలు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి మాకు. చికాగోలో ఎవరూ పెట్టుకోని మనుషుల్ని ఈ మొక్కజొన్న చేల మధ్యకు తోసేస్తున్నారు. మా దగ్గర ఖాళీ మంచాలున్నాయి కదా.

తలుపు మీద పై మూలన ఎర్ర చుక్క అంటిస్తారట. మాకు చుక్కలు కొత్తేమీ కాదు. పసుపుదైతే పడిపోయే మనిషి, నీలమైతే మింగలేని మనిషి. ఎరుపు ఇదే మొదటిది. ఆ చుక్క ఉన్న గదిలోకి ఇంకే పెద్దాయన్నీ, పెద్దావిడనీ వెళ్ళనీయకూడదు. సిబ్బంది వెళ్ళినా ఇద్దరు కలిసి వెళ్ళాలి. దాని అర్థం మాత్రం మాకు తప్ప ఎవరికీ తెలియకూడదు. చెబితే ఆయన పరువు పోతుందట. వినగానే నాకు ఒళ్ళు మండింది.

నా పని బింగో ఆడించడం, పాటలు పాడించడం, కాగితం పూలు చేయించడం. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. ఆయన్ని మా పెద్దవాళ్ళ మధ్య పెట్టడం తప్పు.

నవంబర్ 10

వచ్చాడు. గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకుని ఉన్నాయి. మురికిగా ఉంటాయని ఎందుకనుకున్నానో.

నవంబర్ 12, గురువారం

గురువారం కాబట్టి కొలీన్ ఇక్కడుండే వాళ్ళమ్మని చూడ్డానికి వస్తూ, పై అనే గుమ్మడికాయ తీపి రొట్టె తెచ్చింది. నాకూ ఒక ముక్క పెట్టింది. వాళ్ళమ్మ వెల్డాకి ఎనభై నాలుగు. తన పేరు అప్పుడప్పుడు మర్చిపోతుంది కానీ, పాలు పిండే వేళ మాత్రం మర్చిపోదు. రోజంతా నడక బండి తోసుకుంటూ వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూ ప్రతి తలుపూ లాగి చూస్తుంది. "మా ఇల్లెటమ్మాయ్? ఆవుల పొదుగులు నిండుగా ఉన్నాయి" అంటుంది. నేను రోజుకు పదిసార్లు చేయి పట్టుకుని వెనక్కి తెస్తాను. పదకొండోసారి విసుక్కుంటాను. ఈ విసుగు కూడా రాసి పెట్టుకుంటున్నాను.

పై తింటూ కొలీన్ ఒకటో నంబరు వైపు గడ్డంతో చూపించి, "ఆ కొత్తాయనెవరు మార్లిస్? ముసలాయన కాదే" అంది.

"పక్షవాతం" అన్నాను.

"పాపం" అంది.

ముందు గదిలో గోడకి ఒక నోటీసు ఉంది. ఈ హోమ్‌లో నేర చరిత్ర ఉన్నవారు ఉండవచ్చు, కుటుంబ సభ్యులు అడిగి తెలుసుకోవచ్చు అని. దాని ముందు ప్లాస్టిక్ మొక్క ఒకటి ఆకులు విరబోసుకుని ఉంటుంది. అడిగితే చెప్పాలి, అడగకపోతే అక్కర్లేదు. కొలీన్ "ఎవరు" అని అడిగిందే తప్ప, "ఏం చేశాడు" అని అడగలేదు. నేను అబద్ధమేమీ చెప్పలేదు.

పై బాగుంది.

నవంబర్ 19

స్ట్రబ్ కాగితం పనికి వచ్చి కూర్చున్నాడు. కత్తెర ఇవ్వకూడదు. స్కేలు పెట్టి ఒక్క చేత్తో కాగితాన్ని ఎంత నున్నగా చింపాడంటే, కత్తెరతో కూడా నాకలా రాదు. "జైల్లో నేర్చుకున్నా మేడం, అక్కడా కత్తెర ఇవ్వరు" అన్నాడు. మర్యాదగా మాట్లాడతాడు. కుర్చీలు సర్దాడు. మిగతావాళ్ళందరూ జిగురు నాకుతూ కూర్చుంటే, చేసిన పని పనిలా కనిపించేది ఆయనదే.

వెల్డా అటుగా వచ్చింది. ఆమె వెళ్ళి మలుపు తిరిగేదాకా తలెత్తి చూశాడు. స్కేలు ఆగిపోయింది.

అందరూ చూస్తారు. ఆమె పాడుకుంటూ వెళ్తుంది కదా.

నవంబర్ 26

థాంక్స్‌గివింగ్ పండగ. టర్కీ మాంసం తడిసిన అట్టముక్కలా ఉంది. టాడ్ అందరికీ "మనమంతా ఒక కుటుంబం" అని చెప్పి, పన్నెండింటికి తన కుటుంబం దగ్గరికి వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 1, మంగళవారం

తలుపుల పోటీ మొదలు. ఏటా ఉండేదే. ఒక్కో గది తలుపుకీ రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, బొమ్మలు అంటిస్తాం. ఈసారి మా యజమానుల కింద ఉన్న తొమ్మిది హోములకీ కలిపి పోటీ. పై ఆఫీసు నుంచి మనుషులు వచ్చి చూస్తారట. టాడ్ నన్ను గదిలోకి పిలిచాడు.

"మార్లిస్, అన్నీ పక్కన పెట్టు. లోపలికి రాగానే కనిపించేది ఒకటో నంబరు. దాన్ని అదరగొట్టాలి."

"అది ఆయన గది కదా" అన్నాను.

"అందుకే. నర్సుల బల్ల పక్కనే ఉంది, అందరి కంటా పడుతుంది."

నర్సుల కళ్ళ ముందు ఉండాలని ఆ గది ఇచ్చారు. ఇప్పుడు ఆ కారణంగానే దాన్ని షోకేసు చేయాలట. లోకంలో తెలివికి కొదవ లేదు.

అయినా నాకు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. పొలంలో ఇల్లు. తెల్ల చెక్కల గోడలు, ఆకుపచ్చ తలుపు, పసుపు కిటికీ, పొగ గొట్టం. ఇరవై ఏళ్ళలో మా హోమ్‌కి ఒక్క బహుమతీ రాలేదు.

డిసెంబర్ 4, శుక్రవారం

ఇల్లు పూర్తయింది. స్ట్రబ్ తెల్ల కాగితాన్ని పట్టీలుగా చింపి ఇచ్చాడు, నేను అంటించాను. నిజం చెక్కల్లాగే ఉంది. తలుపు అంచు నుంచి అంచు దాకా కాగితమే. పై మూలకు వచ్చేసరికి ఆయన ఆగి అడిగాడు.

"ఇక్కడ చుక్క ఉంది మేడం. దీన్ని వదిలేయాలా?"

అదేమిటో ఆయనకు తెలియదని మేమంతా అనుకుంటున్నాం. ఆయన మొహంలోకి చూడలేదు. పొగ గొట్టం సరిగ్గా ఆ మూలకే రావాలి. ఇంకో పక్కకు జరిపితే కిటికీ ఇరుకవుతుంది.

"అన్నీ కప్పేద్దాం" అన్నాను.

దూదితో పొగ చేసి దాని మీద అంటించాను. గాలికి కదులుతోంది కూడా. చాలా బాగా వచ్చింది.

ఒడెట్టాకి చెప్పాలి.

డిసెంబర్ 5

ఒడెట్టాకి ఈరోజు సెలవు. సోమవారం చెప్పాలి.

డిసెంబర్ 7

పడమటి వరండాలో ఐదుగురికి వాంతులు. ఒడెట్టా మాస్కు వేసుకుని పరుగులు. చెప్పే సందు దొరకలేదు. అయినా ఒకటో నంబరు ఎవరిదో ఇక్కడ తెలియనిదెవరికి?

డిసెంబర్ 8, మంగళవారం

మొదటి బహుమతి.

నీలం రిబ్బను పువ్వును నేనే తలుపుకి గుచ్చాను. పై ఆఫీసు ఆవిడ "ఇది చూస్తే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది" అని కళ్ళు ఒత్తుకుంది. టాడ్ నా భుజం తట్టాడు. భుజం మీద డోనట్ జిగురు.

ఫొటో తీసేటప్పుడు వెల్డా ఎక్కడినుంచో వచ్చి తలుపు ముందు నిలబడింది. కదలదు. నోరు తెరుచుకుని చూస్తోంది. "చూడండి వెల్డా, ఎవరిల్లు?" అన్నాను. కాగితం పిడి మీద చెయ్యి వేసి, మూడేళ్ళలో నేనెప్పుడూ చూడనంతగా నవ్వింది. అదే ఫొటోకి పెట్టాం. ఈ నెల పత్రికలో ముందు పేజీలో వేసి, కుటుంబాలన్నిటికీ పోస్టు చేశాను.

డిసెంబర్ 10, గురువారం

ఈసారి యాపిల్ పై. కొలీన్ తలుపు చూసి పకపకా నవ్వింది. "అమ్మా, ఆవులెక్కడ కట్టేశావు?" అంది. వెల్డా సీరియస్‌గా "వెనకాల" అంది. ఈ రెండు రోజులుగా ఆమె వేరే తలుపులు లాగడం మానేసింది. నేరుగా అక్కడికే పోతోంది. నాకు పని తగ్గింది.

ఒడెట్టాకి చెప్పాలి. రేపు.

డిసెంబర్ 13, ఆదివారం

సెలవు. బట్టలు ఉతుక్కున్నాను. నాలుగున్నరకి ఒడెట్టా ఫోన్ చేసింది.

డిసెంబర్ 14, సోమవారం

పొద్దున ఆరింటికే వెళ్ళాను. ముందుగా తలుపుల అలంకరణలన్నీ తీసేశాను, ఇరవై నాలుగూ. ఇలాంటప్పుడు రంగు కాగితాలు, రిబ్బన్లు చూడటానికి బాగుండదు కదా. కాగితాలన్నీ నల్ల సంచుల్లో కట్టి వెనక చెత్త బండిలో వేశాను. ఏడున్నరకి పోలీసులు మళ్ళీ వచ్చారు.

జరిగింది రాస్తాను. నిన్న మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ మారే వేళ. నర్సులు లోపలి గదిలో తలుపు వేసుకుని ఒకరికొకరు అప్పగింతలు చెప్పుకుంటున్నారు. హాల్లో ఫుట్‌బాల్ ఆట, టీవీ గట్టిగా పెట్టారు. వరండాలో ఉన్నది ఏజెన్సీ పంపిన ఆయా ఒక్కతే. పేరు నదీన్. మా దగ్గర ఆమెకి అదే మొదటి రోజు. వెల్డా ఒకటో నంబరులోకి వెళ్ళింది. నదీన్ చూసింది, ఆపలేదు. ఇరవై నిమిషాల తర్వాత ఒడెట్టా వచ్చి ఆ గది తలుపు తీసింది.

మణికట్టు విరిగింది. రెండు చేతుల మీద, మెడ మీద వేళ్ళ గుర్తులు. మిగతాది ఆస్పత్రి వాళ్ళ కాగితంలో ఉంది. నేను రాయను.

స్ట్రబ్‌ని పోలీసులు తీసుకెళ్ళారు. మంచం మీద దుప్పటి చక్కగా మడత పెట్టి ఉంది.

డిసెంబర్ 15

టాడ్ అందరికీ కాగితం పంచాడు. "విచారకరమైన సంఘటన" అట. జల్లు పడి బట్టలు తడిసినట్టు. ఆ మాటలు ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళ నోట్లో బూడిద పోయాలి.

నదీన్‌ని రావద్దని ఏజెన్సీకి చెప్పేశారు. డ్యూటీలో చేరేటప్పుడు నిబంధనల కాగితం మీద సంతకం పెట్టింది, ఎర్ర చుక్క సంగతి అందులో ఉంది, తలుపు మీద చుక్క ఉంది, అయినా చూసుకోలేదు. టాడ్ దగ్గరుండి తలుపు ఫొటో తీయించాడు. చుక్క స్పష్టంగా పడింది.

ఎక్కడెక్కడి వాళ్ళనో తెచ్చి పెడితే ఇలాగే ఉంటుంది. ఒక్క చుక్క చూసుకోలేని మనిషికి మనుషుల్ని అప్పగిస్తారా?

డిసెంబర్ 17, గురువారం

ఆస్పత్రికి వెళ్ళాను. కొలీన్ ఒడిలో పై డబ్బా ఉంది. అలవాటు కొద్దీ చేసిందట. మూత తీయలేదు. వెల్డా కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను చెయ్యి తాకబోతే గోడ వైపు జరిగింది.

"ఆయన సంగతి మీకు తెలుసా?" అంది కొలీన్.

ఇప్పుడు అడిగింది. అడిగితే చెప్పాలి.

"సిబ్బందికి తెలుసు" అన్నాను.

"మీకు, మార్లిస్. మీకు తెలుసా?"

"తెలుసు."

ఆమె డబ్బా మూత మీద బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ రోజు నా పక్కన కూర్చుని పై తిన్నారు" అంది. అంతే అంది.

డిసెంబర్ 18

రాష్ట్రం నుంచి తనిఖీ ఆవిడ వచ్చింది. ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. ఒకటో నంబరు తలుపుకి చుక్క ఉందా అని నన్నడిగింది. నవంబర్ తొమ్మిది నుంచీ ఉంది అన్నాను. ఎవరైనా తీసేశారా? ఎవరూ తీయలేదు అన్నాను.

రెండూ నిజమే.

డిసెంబర్ 21, సోమవారం

నదీన్ తన డ్యూటీ బూట్ల కోసం వచ్చింది. నాకంటే ఐదారేళ్ళు చిన్నది. ఆమెని లోపలికి రానివ్వొద్దని టాడ్ ఆర్డరు కాబట్టి, బూట్లు నేను పట్టుకెళ్ళి పార్కింగ్‌లో ఇచ్చాను. మంచు పడుతోంది. బూట్లు చంకలో పెట్టుకుని, వెళ్ళకుండా నిలబడింది.

"మీరేనా బొమ్మలూ అవీ చేయించేది?"

"అవును."

"నేను చుక్క కోసం చూశాను మేడం. రాగానే వరండా మొత్తం నడిచి, ప్రతి తలుపు పైమూలా చూశాను. పసుపు కాగితం, ఎరుపు కాగితం, గంటలు, నక్షత్రాలు. చుక్కలెక్కడా లేవు. నర్సుని అడిగితే, ఈ ఫ్లోర్‌లో అందరూ మంచివాళ్ళేలే అని నవ్వింది. పెద్దావిడ వెళ్తుంటే నేను అడ్డం వెళ్ళాను కూడా. ఎక్కడికమ్మా అన్నాను. మా ఇంటికి అంది. వేరే తలుపులైతే ఎవరైనా తట్టి చూస్తారు కదా. ఆమె తట్టలేదు. సొంతింటి తలుపు తీసుకున్నట్టు తీసుకుని వెళ్ళింది. ఆమె గదేననుకున్నా."

జుట్టు మీద పడ్డ మంచు దులుపుకున్నాను.

"ఏజెన్సీ వాళ్ళు ఇంక నన్నెక్కడికీ పంపరట. నా లైసెన్సు మీద రాస్తున్నారు, ముసలివాళ్ళని పట్టించుకోలేదని. పద్దెనిమిదేళ్ళు చేశాను మేడం. నాకు పిచ్చెక్కిందేమో అనిపిస్తోంది. ఆ చుక్క నాకెందుకు కనపడలేదు?"

"చలిగా ఉంది, వెళ్ళండి" అన్నాను.

డిసెంబర్ 22

ఏమీ లేదు.

డిసెంబర్ 24, గురువారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. దీంట్లో కూడా దొంగాటలాడితే నాకంటే రోత మనిషి ఉండదు.

పద్నాలుగో తేదీ పొద్దున నేను ముందు తీసింది ఒకటో నంబరు తలుపు కాగితమే. కోటు కూడా విప్పలేదు. గోళ్ళతో గీకి తీశాను. దూది కింద చుక్క ఎర్రగా, చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని చూశాక మిగతా ఇరవై మూడు తీశాను. ఒక్కటే తీస్తే అడుగుతారని తీశాను. బాగుండదని కాదు.

తనిఖీ ఆవిడ "ఎవరైనా తీసేశారా" అంది కానీ "ఎవరైనా కప్పారా" అనలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ప్లాస్టిక్ మొక్క వెనక నోటీసుని చూసి ఇన్నాళ్ళూ మూతి తిప్పుకున్నాను. నాకూ ఆ నోటీసుకీ తేడా ఏమిటి?

టాడ్‌కి తెలుసు. పోటీ తలుపు ముందు నిలబడి ఫొటో దిగినవాడు, పద్నాలుగో తేదీన చుక్క ఫొటో తీయిస్తూ నా వైపు ఒక్కసారి చూశాడు. "మంచి పని చేశావు, శుభ్రం చేసి" అన్నాడు. నేను "థాంక్స్" అన్నాను.

థాంక్స్ అన్నాను.

స్ట్రబ్ గురించి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ చుక్క వదిలేయాలా అని ఆయన అడిగాడు. అక్కర్లేదంది నేను. వెల్డాకి అది తన ఇల్లని చూపించిందీ నేనే. ఆమె వేరే తలుపులు లాగడం మానేస్తే పని తగ్గిందని సంతోషించిందీ నేనే.

డిసెంబర్ 28, సోమవారం

ఒడెట్టాకి చెప్పాను.

మందుల గదిలో సీసాలు లెక్క పెడుతోంది. నేను చెబుతున్నంతసేపూ చేతిలో సీసా అలాగే పట్టుకుని ఉంది. అయిపోయాక కిందపెట్టి నా వైపు తిరిగింది.

"నాకు చెప్పుంటే మార్లిస్, ఆ కాగితానికి పైసా బిళ్ళంత బొక్క పెట్టేదాన్ని. రెండు నిమిషాల పని. నీ బహుమతి నీకొచ్చేది."

"చెబుదామనుకున్నాను. నువ్వు సెలవులో..."

"ఆ. నేను సెలవులో ఉన్నా. వాంతులు కడుగుతున్నా. తొమ్మిది రోజులు." తర్వాత గొంతు తగ్గింది. "నేను మాత్రం? రోజుకు ఇరవైసార్లు ఆ తలుపు ముందునుంచి తిరిగాను. ఇల్లు చాలా ముద్దుగా ఉంది అనుకుంటూ తిరిగాను. చుక్క ఏమైందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు." చేతులు తుడుచుకుంది. "ఎవరికి చెప్పాలో తెలుసుగా నీకు? నాకు కాదు."

జనవరి 2

వెల్డా పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. మణికట్టు కట్టు ఇంకా విప్పలేదు.

జనవరి 4, సోమవారం

కొలీన్ వాళ్ళమ్మ సామాను తీసుకెళ్ళడానికి వచ్చింది. రెండు అట్టపెట్టెలు. నడక బండి మడిచి కారులో పెట్టాను. ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని, ఎక్కడో చూస్తూ అడిగింది.

"మీ పత్రికలో వేశారే ఒక ఫొటో, అమ్మ ఆ ఇంటి బొమ్మ ముందు నిలబడింది. పెద్దది చేసి ఇస్తారా? అంత్యక్రియల దగ్గర బల్ల మీద పెడతాను. అమ్మ నవ్వింది ఇంకెక్కడా లేదు."

ఇస్తానన్నాను.

జనవరి 5, మంగళవారం

పెద్దవి రెండు తీయించాను. పెద్దది చేస్తే అన్నీ కనిపిస్తున్నాయి. పట్టీల అంచులు, రిబ్బను పువ్వుకి నేను గుచ్చిన పిన్నీసు, కాగితం పిడి మీద వెల్డా వేళ్ళు. పై మూలన దూది పొగ. తేదీ కింద పడింది, డిసెంబర్ 8.

ఒకటి తనిఖీ ఆవిడకి పోస్టు చేశాను. కాగితం చుట్టింది నేను, చుక్క మీద దూది అంటించింది నేను, పద్నాలుగున ఆరింటికి పీకేసింది నేను, మేనేజరుకి తెలుసు, నదీన్ చూసినప్పుడు ఆ తలుపు మీద చుక్క కనపడే అవకాశమే లేదు అని రాసి సంతకం చేశాను. ఆస్పత్రి చీటీలా నాలుగు ముక్కల్లో అయిపోయింది. పోస్టు డబ్బాలో వేశాక నదీన్‌కి ఫోన్ చేసి ఇదే చెప్పాను. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అని పెట్టేసింది.

టాడ్ పిలిపిస్తాడు. పిలిపించనీ.

జనవరి 6, బుధవారం

రెండో ఫొటో పట్టుకుని కొలీన్ ఇంటికి వెళ్ళాను. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది, తాగలేదు. ఫొటోని బల్ల మీద పెట్టి, ఆమె చూస్తుండగానే దూది మీద వేలు పెట్టి చూపించి, మొత్తం చెప్పాను. ఈసారి ఆమె అడిగేదాకా ఆగలేదు. పోటీ, బహుమతి, "చూడండి వెల్డా, ఎవరిల్లు" అన్నది, అన్నీ.

కొలీన్ నన్ను చూడలేదు. ఫొటోలో వాళ్ళమ్మ మొహం మీద పడ్డ దుమ్మునేదో తీసేస్తున్నట్టు వేలి గోటితో మెల్లగా గీసింది. అక్కడ దుమ్మేమీ లేదు.

"అయితే అమ్మ ఇంటికెళ్తున్నాననుకునే ఆ తలుపు తీసింది."

"అవును" అన్నాను.

"ఇలాగే నవ్వుతూ తీసుంటుంది."

ఆమె లేచి, ఫొటోని బోర్లా తిప్పి నా చేతిలో పెట్టి, వీధి తలుపు తీసి పట్టుకుంది. "ఇది నాకొద్దు" అంది.

ఇంటికి తెచ్చుకున్నాను. పారేయడానికి చెయ్యి రాలేదు, గోడకి పెట్టే మొహమూ లేదు. ఈ పుస్తకంలో ఇక్కడే పెట్టాను. పుస్తకం కంటే అది పెద్దది. మడవలేక అలాగే ఉంచాను.